వెనక స్పీకర్లు పడుకున్నాయి: మా మండువా ఇంట్లో 5.1 పెట్టిన డైరీ

జూలై 14

తమ్ముడు హైదరాబాద్ నుంచి వేసిన పెట్టెలు నిన్న అంబాజీపేట ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో దిగాయి. మూడు అట్టపెట్టెలు, ఒక గోనెసంచి. ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వాడు ఫ్లాట్ మారాడు. కింది ఇంటివాళ్ళు సబ్‌వూఫర్, అంటే లావు శబ్దాలు పలికే స్పీకరు, దాని మోతకి తగువుకొస్తున్నారట. "నీకేమక్కా, పెద్ద ఇల్లు, చుట్టూ కొబ్బరితోట, నువ్వే పెట్టుకో" అన్నాడు. ఇల్లు పెద్దదే, కాదనను. తాతగారి నాటి మండువా లోగిలి. అందులో ఒక్క గోడా తిన్నగా ఉండదన్న సంగతి మాత్రం వాడు మర్చిపోయాడు.

విప్పితే ఒక ఏవీ రిసీవరు (శబ్దాన్ని అందుకుని స్పీకర్లకి పంచే డబ్బా), ముందు పెట్టుకునే స్పీకర్లు రెండు, మధ్యలో పడుకోబెట్టే స్పీకరు ఒకటి, వెనకవి చిన్నవి రెండు, మా బియ్యం డబ్బా అంత సబ్‌వూఫర్. ఐదు స్పీకర్లు, ఒక సబ్, 5.1 అంటే అదే. రిసీవరు 2011లో కొన్నది. వెనకాల హెచ్‌డీఎంఐ ఔట్ పక్కన సన్నటి అక్షరాల్లో ఏఆర్‌సీ అని ఉంది. రిమోట్ ఉంది, మాన్యువల్ లేదు.

ఈ ఏఆర్‌సీ అన్న మూడక్షరాల మీదే కథంతా నడుస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. మామూలుగా హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మా శబ్దమూ టీవీలోకి వెళ్తాయి. మన యాప్‌లు టీవీ లోపలే ఉన్నాయి. అంటే శబ్దం టీవీలో పుట్టి బయటికి రావాలి, అదే వైరులో ఎదురు ప్రయాణం చేయాలి. ఆ ఎదురుదారి పేరే ఏఆర్‌సీ. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ సాకెట్లుంటే మామూలుగా ఏదో ఒక్కదానికే ఈ దారి ఉంటుంది.

నేను పెట్టింది ఆ ఒక్కటీ కానిదాంట్లో. అరగంట మౌనం. తర్వాత టార్చి వేసి టీవీ వెనక చూస్తే రెండోదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంది. మార్చాను, అయినా మౌనమే. టీవీ సెట్టింగుల్లో సీఈసీ (టీవీ రిమోట్ మాట రిసీవరు కూడా వినేలా చేసేది) ఆన్ చేస్తే గానీ ఆ దారి తెరుచుకోలేదు. చాలా కంపెనీలు దానికి సొంత పేరు పెట్టుకున్నాయి. సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. ఒకే పిల్లకి ముగ్గురు అత్తలు పెట్టిన మూడు ముద్దుపేర్లు.

తొమ్మిదింటికి ఐదు స్పీకర్లూ ఒక్కసారిగా మోగాయి. తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించాను. చిన్నోడు గెంతాడు. అమ్మ చెవులు మూసుకుంది. నాన్నగారు పడక్కుర్చీలో కదలకుండా ఒక పాట మొత్తం విని, "అమ్మాయ్, ముందు నుంచి ఏ పాట వస్తోందో వెనక నుంచీ అదే వస్తోంది కదా. ఇది సరౌండ్ కాదు. పెళ్ళి పందిట్లో నాలుగు రాటలకీ కట్టిన మైకు సెట్టు" అన్నారు.

జూలై 15

నాన్నగారి మాటే నిజం. రిసీవరు ముందున్న నీలం డిస్‌ప్లేలో ఆల్ ఛానల్ స్టీరియో అని ఉంది. వచ్చే రెండు ఛానళ్ళనే, అంటే కుడి ఎడమలకి విడివిడిగా వచ్చే శబ్దాలనే, ఐదు స్పీకర్లకీ పంచిపెట్టే మోడ్ అది. వచ్చింది వచ్చినట్టు వినిపించే డైరెక్ట్ మోడ్‌లోకి మార్చగానే వెనకవీ మధ్యదీ గప్‌చుప్. ఏ యాప్ పెట్టినా ముందు రెండే పాడుతున్నాయి. "చూశావా, వెనకవి పడుకున్నాయి" అన్నారు నాన్నగారు.

ఈ మాట ఆయనకి కొత్త కాదు. అమలాపురంలో ఒక సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు. ప్రొజెక్టర్ వెలుతురు కోసం కార్బన్లు కాల్చే రోజుల్లో చేరి, రీళ్ళు పోయి డిజిటల్ వచ్చాక మానేశారు. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. రాత్రి అన్నాలయ్యాక డీటీఎస్ సంగతి చెప్పారు. వాల్‌పోస్టర్ల మీద సినిమా పేరు కంటే డీటీఎస్ అన్న అక్షరాలు లావుగా వేసిన రోజులవి.

డీటీఎస్‌లో శబ్దం ఫిల్ము మీద ఉండదట. విడిగా సీడీల్లో వస్తుంది. ఫిల్ము అంచున బొమ్మకీ మామూలు సౌండ్ ట్రాకుకీ మధ్య సన్నటి చుక్కల గీత ఒకటి ఉంటుంది. అది టైమ్ కోడ్. ప్రొజెక్టర్ మీదున్న రీడర్ ఆ చుక్కలు చదివి, ఇప్పుడు సినిమా ఫలానా చోట ఉందని సీడీ మెషీన్‌కి చెబుతుంది. మెషీన్ అక్కడి శబ్దం అందిస్తుంది. రీలు తెగి రెండడుగులు కత్తిరించి అతికినా ఫరవాలేదు, సీడీ కూడా ఆ రెండడుగులు దూకేస్తుంది. అదే డాల్బీ డిజిటల్ అయితే ఫిల్ము మీదే, పక్కనుండే పళ్ళ రంధ్రాల మధ్య ఖాళీల్లో అచ్చువేసి ఉంటుంది. డాల్బీది 1992, డీటీఎస్‌ది 1993. మన ఊళ్ళకి వచ్చేసరికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

"సీడీ మీద గీత పడ్డా, ఆ చుక్కలు మాసిపోయినా సౌండు ఆగదమ్మాయ్. ఫిల్ము మీద పాత ట్రాకు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దానంతటదే అందులోకి దిగిపోతుంది. నేల టికెట్టు వాడికి తేడా తెలీదు. మేనేజరుకీ తెలీదు. క్యాబిన్లో నాకు తెలిసేది, లైటు ఆరిపోయేది కాబట్టి. లైటు చూడకపోతే నాకూ తెలీదు."

మా టీవీ చేస్తున్నదీ సరిగ్గా ఇదే. ఎక్కడో ఒకచోట ఐదు ఛానళ్ళు రెండైపోతున్నాయి. ఎక్కడా ఎర్రర్ లేదు, ఒక్క మెసేజీ లేదు, పాట హాయిగా సాగిపోతోంది. కనుక ఇక నుంచి చెవిని నమ్మను, డిస్‌ప్లేని నమ్ముతాను. ఇది నాన్నగారితో అంటే, "రెండూ కావాలి" అన్నారు.

జూలై 17

కాలేజీ నుంచి రాగానే టీవీ సౌండ్ మెనూ తెరిచి ఒక్కో వరసా చదివాను. డిజిటల్ ఔట్‌పుట్ ఫార్మాట్ అన్న చోట పీసీఎం అని ఉంది. దొంగ ఇక్కడే ఉన్నాడు.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను కాబట్టి దీన్ని కాగితం మీద వేసి చూసుకుంటే తప్ప నిద్ర పట్టదు. పీసీఎం అంటే కుదించని శబ్దం. సెకనుకి 48,000 శాంపిళ్ళు (శబ్దాన్ని కొలిచిన కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్ళు. గుణిస్తే సెకనుకి 15,36,000 బిట్లు. అదే 5.1 అంటే సబ్‌వూఫర్‌ది కలిపి ఆరు ఛానళ్ళు, 46,08,000 బిట్లు. ఏఆర్‌సీ దారిలో కుదించని శబ్దం రెండు ఛానళ్ళకి మించి వెళ్ళదు. కాబట్టి టీవీకి పీసీఎం అని చెప్పామంటే మిగతావన్నీ రెండింట్లో కలిపేసి పంపమని మనమే చెప్పినట్టు. ఆరు ఛానళ్ళనీ మూటకట్టిన డాల్బీ డిజిటల్ మహా అయితే సెకనుకి 6,40,000 బిట్లు. రెండు ఛానళ్ళ పీసీఎంలో సగం కూడా కాదు. ఆ మూట విప్పకుండా పంపితే అదే దారిలో సుళువుగా పోతుంది, విప్పే పని రిసీవరు చూసుకుంటుంది.

మార్గం మరీ ఇరుకని పెద్దలకీ అనిపించినట్టుంది, 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో ఈఏఆర్‌సీ తెచ్చారు. అందులో కుదించనివి కూడా ఎన్నో ఛానళ్ళు పడతాయి. మా రిసీవరుకి అది లేదు. యాప్‌లకి దాని అవసరం అంతగా ఉండదు కూడా. అవి పంపేవి ఎలాగూ మూటలే.

మెనూలో పీసీఎం కాకుండా ఇంకో రెండున్నాయి, ఆటో, పాస్‌త్రూ. పాస్‌త్రూ గొప్పగా అనిపించి అది పెట్టాను. యాప్‌లో సినిమా మొదలైంది, బొమ్మ ఆడింది, శబ్దం చుక్క లేదు. కారణం అర్థమవడానికి గంట పట్టింది. యాప్‌లు ఇప్పుడు పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్, పాతదానికి తమ్ముడు. మా రిసీవరు ఏఆర్‌సీ దారిలో వచ్చే పాతదాన్నే గుర్తుపడుతుంది, ప్లస్ వస్తే మొహం తిప్పుకుంటుంది. పాస్‌త్రూ అంటే టీవీ చేయి పెట్టదు, ఎలా వస్తే అలా తోసేస్తుంది. ఆటో పెడితే అవతలివాడికి ఏది అర్థమవుతుందో అడిగి, ప్లస్‌ని పాత డాల్బీగా మార్చి పంపుతుంది. ఆటో పెట్టాను. నీలం డిస్‌ప్లేలో అక్షరాలు ఒక్క క్షణం ఆరి, మళ్ళీ వెలిగాయి. డాల్బీ డి, 3/2.1. ముందు మూడు, వెనక రెండు, సబ్ ఒకటి.

ఎడమ వెనక నుంచి తలుపు కిర్రుమంది. చిన్నోడు నిజంగా వెనక్కి తిరిగి చూశాడు.

జూలై 21

సంతోషం మూడు రోజులు. నిన్న వేరే సినిమా పెడితే మళ్ళీ పీసీఎం. సెట్టింగ్ మారలేదు, వైరు కదల్లేదు. అసలు సంగతేమిటంటే సినిమాకి సినిమాకి, ఒకే సినిమాలో భాషకి భాషకి తేడా ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా పేరు కింద 5.1 అన్న గుర్తు ఉంటుంది. దాన్ని చూసి ఊరుకోకూడదు. ఆడియో జాబితా తెరిస్తే నిన్నటి సినిమాకి హిందీ పక్కన 5.1 ఉంది, తెలుగు పక్కన ఏమీ లేదు. వెనక స్పీకర్ల కోసం అమ్మ చేత హిందీ సినిమా చూపించలేను కదా. ఆ సినిమా స్టీరియోలోనే చూశాం.

తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే ఆట్మాస్ గురించి చిన్నోడు అడిగాడు. నెట్‌ఫ్లిక్స్‌లో అది పై ప్లాన్‌లోనే వస్తుంది. ఇళ్ళకి ఆట్మాస్ రిసీవర్లు వచ్చింది 2014లో, మనది 2011ది. పైగా మా ఇంటికి సీలింగ్ ఎక్కడుంది, దూలాలూ పెంకులూ తప్ప. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

ఒక పక్కమాట. యూట్యూబ్‌లో నాన్నగారు వినే పాత పాటలన్నీ మోనోలో రికార్డయినవి. వాటిని స్టీరియోలో పెడితే గొంతు రెండు స్పీకర్ల మధ్య గాల్లో తేలుతుంది, కుర్చీ కొంచెం జరిగితే అదీ జరుగుతుంది. రిసీవరులో ప్రోలాజిక్ అన్న మోడ్ ఉంది. కుడి ఎడమల్లో ఒకేలా ఉన్నదాన్ని ఏరి మధ్య స్పీకరుకి పంపుతుంది. అది పెడితే గొంతు టీవీ కింద అడ్డ స్పీకర్లోంచే, మేకు కొట్టినట్టు అక్కడే. "మా హాల్లో తెర వెనక ఒకటే పెద్ద బాకా ఉండేది, దాని లెక్కన ఉంది" అని గంటన్నర లేవలేదు. ఐదు స్పీకర్లు తెచ్చి ఒక్కదాన్ని వినిపించినందుకు ఆయన సంతోషించినంతగా ఇంకెవరూ సంతోషించలేదు.

జూలై 28

గోదావరి పాయ వైనతేయకి వరద. లంకల్లో పడవలు తిరుగుతున్నాయి. మాకు ఇబ్బంది లేదు గానీ కరెంటు గంటకోసారి పోతోంది. పోయి వచ్చిన ప్రతిసారీ టీవీ రిసీవరుని మర్చిపోయి తన సొంత స్పీకర్లలోకి వెళ్ళిపోతోంది. రిసీవరు ఆన్‌లోనే ఉంటుంది, పాపం. రిమోట్‌తో ఆపి వేయడం వల్ల లాభం లేదు. రెండింటి ప్లగ్గులూ పీకి, రెండు నిమిషాలాగి, ముందు టీవీ, అది పూర్తిగా లేచాక రిసీవరు. ఇలా చేస్తే మళ్ళీ పలకరించుకుంటున్నాయి.

ఇన్వర్టర్ మీద పెడదామనుకున్నా. మాది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. రిసీవరు ట్రాన్స్‌ఫార్మర్ కందిరీగల తుట్టెలా జుయ్‌మంది. వెంటనే తీసేశాను.

ఆగస్టు 3

చిన్నోడు ఫ్రెండు దగ్గర స్ట్రీమింగ్ స్టిక్ అరువు తెచ్చాడు. వాడి ఆలోచన మంచిదే. స్టిక్‌ని టీవీకి కాకుండా రిసీవరుకే గుచ్చితే శబ్దం ఎదురు ప్రయాణం చేయక్కర్లేదు. ఏఆర్‌సీ, సీఈసీ, కరెంటు పోతే మతిమరుపు, ఏ గొడవా ఉండదు. హెచ్‌డీఎంఐ ఇన్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్‌ని కూడా మా రిసీవరు గుర్తుపట్టింది. ఏఆర్‌సీలో తెలీదన్నది ఇక్కడెలా తెలిసిందో, దానికీ వేరే గుమ్మం మర్యాదలున్నాయి.

పదినిమిషాలాగి నాన్నగారు, "బొమ్మ మెత్తబడింది" అన్నారు. కిందటేడే కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, తెర నుంచి పదడుగుల దూరంలో కూర్చున్నారు. వెళ్ళి చూస్తే నిజమే, 4కే పోయి 1080పీ వస్తోంది. 4కే సినిమాలకి హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం ఉంటుంది. స్టిక్కు నుంచి టీవీ దాకా మధ్యలో ఉన్న ప్రతి డబ్బా దగ్గరా దానికి తాళంచెవి ఉండాలి. 2011 రిసీవరుకి ఆ తాళం పేరే తెలీదు. స్టిక్ వెనక్కి ఇచ్చేశాం. మళ్ళీ ఏఆర్‌సీయే.

ఆప్టికల్ వైరు కూడా ఒక సాయంత్రం పెట్టి చూశాను, ఎర్రటి వెలుగు వచ్చే సన్న వైరు. దాంట్లోనూ మామూలు డాల్బీ 5.1 బాగానే వచ్చింది. కరెంటు పోయి వచ్చినా అలగదు. కానీ వాల్యూముకి వేరే రిమోట్ పట్టుకోవాలి. అమ్మ రెండు రిమోట్‌లకి ఒప్పుకోదు. వైరు మడిచి బీరువాలో పెట్టాను, ఎప్పటికైనా పనికొస్తుంది.

ఆగస్టు 11

పెదవులకీ మాటకీ కుదరడం లేదు. మాట ఒక పిసరు ఆలస్యం. న్యూస్ చదివేవాళ్ళని చూస్తే తెలుస్తోంది, ఒకసారి కనిపెట్టాక ఇక చూడబుద్ధి కాదు.

రిసీవరులో ఆడియో డిలే అన్నది కనిపించింది. పెంచాను. ఇంకా పాడైంది. నాన్నగారు నవ్వారు. "శబ్దం ముందొస్తే ఆపి ఉంచొచ్చు. వెనకబడ్డదాన్ని ఎక్కడి నుంచి పట్టుకొస్తావు?"

తర్వాత తన పద్ధతి చెప్పారు. సినిమా రీల్లో ఒక బొమ్మా దాని శబ్దమూ ఒకే చోట ఉండవు. లెన్సు ముందు ఫిల్ము ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి ఆగి వెళ్ళాలి, సౌండ్ హెడ్ దగ్గర మాత్రం ఆగకుండా జారాలి. అందుకని శబ్దాన్ని దాని బొమ్మ కంటే సుమారు ఇరవై ఫ్రేములు ముందు అచ్చువేస్తారు. ఆ రెండు నడకల మధ్య ఫిల్ముని వదులుగా ఒక లూప్ వదిలి ఎక్కిస్తారు. లూప్ రెండు ఫ్రేములు పెద్దదైనా చిన్నదైనా హీరో మూతి ఒకటి, మాట ఒకటి. గాల్లో చూపుడువేలూ బొటనవేలూ చాచి ఆ లూప్ కొలత చూపించారు, చేతిలో ఫిల్ము ఉన్నట్టే. మానేసి ఎన్నేళ్ళయినా వేళ్ళ మధ్య ఖాళీ మారలేదు.

సెకనుకి 24 ఫ్రేములు. ఒక ఫ్రేము 42 మిల్లీ సెకన్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఒక ఫ్రేము కాలంలో 14 మీటర్లు. బాల్కనీ చివరి వరసలో కూర్చున్నవాడికి అసలే ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తుంది. ఆ లెక్క వినిపిస్తే, "అందుకే నేను లూప్ మధ్య వరసకి చూసి వేసేవాణ్ణి" అన్నారు. లెక్క తెలీకుండా!

మా తప్పు చివరికి టీవీలో దొరికింది. డిజిటల్ ఔట్‌పుట్ డిలే అన్న గీత ఎవరు జరిపారో, సగం దాకా ఉంది. సున్నాకి లాగాను. రిసీవరు డిలే కూడా సున్నా. సరిపోయింది.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. సావిడిలో పీట వేసి, సబ్‌వూఫర్ మీద తాంబూలాల పళ్ళెం పెట్టారు. పని లేదు.

ఆగస్టు 18

సబ్‌వూఫర్ గురక. సినిమా ఆగినప్పుడు, రాత్రి కప్పల గోల తగ్గినప్పుడు, హుమ్మ్ మని సన్నగా. దాని చెక్క మీద అరచేయి ఆనిస్తే పిల్లి వీపు నిమిరినట్టుంది. అది 50 హెర్ట్జ్, కరెంటు పాట.

ఒక్కోటీ పీకుతూ వచ్చాను. రిసీవరు నుంచి టీవీ వైరు తీస్తే ఆగింది. టీవీ వైరు పెట్టి, సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ వైరు తీసినా ఆగింది. అర్థమైంది. వీధిలోంచి వచ్చే కేబుల్ వైరు పైతొడుగుకి ఎక్కడో ఒక ఎర్త్, మూడు పిన్నుల సబ్‌వూఫర్‌కి మా ఇంటి ఎర్త్. రెండు ఎర్త్‌ల మధ్య తేడా వల్ల వైర్లలో కరెంటు చుట్టు తిరుగుతోంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "ఆయ్, ఏం లేదు మేడంగారండి, సబ్‌వూఫర్ ప్లగ్గుకి పై పిన్ను కోసేద్దామండి, దెబ్బకి పోద్ది" అన్నాడు. గురక పోయేది నిజమే. ఇంట్లో ఎవరో పోయే ప్రమాదం కూడా ఉంది. నాన్నగారు కుర్చీలోంచి లేచారు. "పిన్ను జోలికి వెళ్ళకు బాబూ. ఎర్త్ గుంట ఎలా ఉందో చూడు ముందు." తవ్వితే ఎర్త్ తీగ తుప్పు పట్టి ముట్టుకోగానే విరిగింది. మా దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, నేల ఎప్పుడూ తడే, కానీ ఆ తడే తీగని తినేసింది. కొత్త పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేసి కప్పారు. గురక సగం తగ్గింది.

మిగతా సగానికి మందు అమ్మ చెప్పింది. సెట్‌టాప్ బాక్సుని పడగ్గదిలో పాత టీవీకి పెట్టేయమంది. ఆవిడ సీరియళ్ళు ఆవిడకి, రిమోట్ ఒక్కటే. సావిడిలో నిశ్శబ్దం. ఈ నెలలో నేను పెట్టిన బుర్ర అంతటికంటే ఇది చౌక.

ఆగస్టు 25

ఇవాళ స్పీకర్లని వాటి చోట్లలో కూర్చోబెట్టాం. పుస్తకంలో పద్ధతి తేలికే. నాన్నగారి కుర్చీ గడియారం మధ్య అనుకుంటే టీవీ పన్నెండు. ముందువి పదకొండు దగ్గరా ఒంటిగంట దగ్గరా. వెనకవి ఎనిమిది కొంచెం దాటాక, నాలుగుకి కొంచెం ముందు. డిగ్రీల్లో 30, 110. మా సావిడికి ఎడమ వైపు గోడ, కుడి వైపు ఏమీ లేదు, రెండు చెక్క స్తంభాలూ వాటి అవతల ఆకాశమూ. కుడి వెనకది స్తంభానికి బిగించాను. దాని శబ్దం సగం మండువాలోకి పోతోంది. రిసీవరులో దాన్ని 2 డెసిబెల్స్ పెంచితే రెండూ సమమయ్యాయి. దూరాలు టేపు పెట్టి కొలిచి ఎక్కించాను. ఒక్కో మీటరుకీ మూడు మిల్లీ సెకన్ల తేడా, దగ్గరున్నదాన్ని రిసీవరు అంతసేపు ఆపి ఉంచుతుంది.

వెనక గోడ నున్నటి సున్నం గోడ. చప్పట్లు కొడితే టప్ మనడానికి బదులు ట్రింగ్ మంటోంది. అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు చాపలు రెండు తెచ్చి వేలాడదీశాం, వాటి వెనక అమ్మ పాత బొంత. మాటలు తేటపడ్డాయి. సబ్ మోతకి మాత్రం చాపలు లెక్కే కాదు.

అన్నీ అయ్యాక వాన సీను ఒకటి పెట్టాం. వాన పడుతోంది గానీ ఎక్కడ పడుతోందో తెలీడం లేదు, చెవుల్లో దూది కుక్కినట్టు. నాన్నగారు గోడ గడియారంలోంచి సెల్ తెమ్మన్నారు. రిసీవరు ఆపించి, ఎడమ వెనక స్పీకరు వైర్లు విప్పి, ఒకదాన్ని సెల్ అడుగుకి ఆనించి, రెండోదాన్ని పైన బొడిపెకి ఒక్కసారి తాకించారు. టప్. "ముందు జాలీ తియ్యి. కాగితం ఎటు కదిలింది?" మళ్ళీ తాకించారు. 1.5 వోల్టులకి స్పీకరు కాగితం బియ్యపు గింజంత కదులుతుంది. లోపలికి వెళ్ళింది. కుడిదానికి అదే చేస్తే బయటికి వచ్చింది. వైరు రెండు పోగుల్లో ఒకదాని మీద సన్న గీత ఉంటుంది, గీత ఎరుపుకి అనుకుని అన్నీ కలిపాను. ఆ ఒక్కచోట దీపం వెలుతురులో తారుమారైంది. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతోంది, ఇక వాన ఎక్కడ పడుతుంది?

మార్చి కలిపాక నాన్నగారు కళ్ళు మూసుకుని వేలితో చూపించారు. "ఇదిగో, నా ఎడమ భుజం వెనక చూరు కారుతోంది."

గడియారంలో సెల్ తిరిగి పెట్టడం అందరం మర్చిపోయాం. మర్నాడు కాలేజీకి ఇరవై నిమిషాలు ఆలస్యం.

సెప్టెంబర్ 1

ఎలుక. కుడి వెనక వైరు, స్తంభం మొదట్లో. ఊహించాల్సింది. నేల మీద పోయే వైరంతా పీవీసీ పట్టీలోకి మార్చాను. 1.5 ఎంఎం వైరే, ఆరు మీటర్లు కొత్తది పడింది.

సెప్టెంబర్ 8

నిన్న వినాయక చవితి. తమ్ముడూ మరదలూ పిల్లలూ వచ్చారు. సాయంత్రం అందరం సావిడిలో. తెలుగు పక్కన 5.1 ఉన్న సినిమా ఒకటి ముందే వెతికి పెట్టుకున్నాను. తమ్ముడు కూర్చోగానే, "నా దగ్గర ఎప్పుడూ ఇలా మోగలేదే" అన్నాడు. వాడి దగ్గర టీవీ సెట్టింగ్ ఏం పెట్టేవాడివని అడిగాను. గుర్తులేదట. పదేళ్ళు ఆల్ ఛానల్ స్టీరియో విన్నాడని నా అనుమానం. పైకి అనలేదు.

ఫైట్ల దగ్గర ఇల్లు అదిరి, మాటల దగ్గర ఏమీ వినపడక అమ్మ వాల్యూము పెంచడం, తగ్గించడం. మధ్య స్పీకరుని 3 డెసిబెల్స్ లేపి, పెద్ద మోతల్ని అణిచే నైట్ మోడ్ పెట్టాక రిమోట్ కింద పెట్టింది.

ఇంటర్వెల్ ముందు కరెంటు పోయింది. చీకట్లో పిల్లలు ఈలలు వేశారు. పది నిమిషాలకి వచ్చింది. టీవీ లేచింది, సినిమా ఆగినచోటి నుంచే మొదలైంది, శబ్దం కూడా వచ్చింది. అందరూ మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు. పులిహోర గిన్నె చేతులు మారుతోంది. నాన్నగారు మాత్రం తెర వైపు చూడ్డం లేదు. వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, బల్ల కింద రిసీవరు డిస్‌ప్లే చూస్తున్నారు. ఆ నీలం లైటు ఆరిపోయి ఉంది.

"ఆపండర్రా" అని లేచి, ప్లగ్గుల దగ్గరికి నడిచారు.